జ్వరం పొట్లం

ఆ వానాకాలం నేను రోజుకి పదమూడు గంటలు స్టూలు మీదే గడిపాను. మా మందుల షాపు నా ఫార్మసీ సర్టిఫికెట్టు మీద నడుస్తుంది కాబట్టి, నేను కౌంటరు వెనక కనబడకపోతే షట్టరు ఎత్తడానికి వీల్లేదు. పెళ్ళైన కొత్తలో ఈ మాట వింటే గర్వంగా ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి, బాత్రూముకి లేచినా "అమ్మాయ్, ఈలోగా ఎవరైనా తనిఖీకొస్తే?" అని మామయ్యగారు అడగడం మొదలుపెట్టాక, ఆ గర్వం ఎటు పోయిందో వెతుక్కోవలసి వచ్చింది.

షాపు ముందు, ఇల్లు వెనక, మధ్యలో ఒకటే తలుపు. ఉదయం ఆ తలుపులోంచి ఇటు వచ్చానంటే మళ్ళీ అటు వెళ్ళేది మధ్యాహ్నం అన్నానికే. వీధి చివర కొత్త బేకరీ పెట్టారని నాకు తెలిసింది అది మూతపడ్డాక.

మామయ్యగారు ఫార్మసీ చదవలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఆయన పోయాక సొంతంగా షాపు పెట్టుకున్నారు. వీధిలో అందరూ ఈయన్నే "డాక్టరు గారూ" అని పిలుస్తారు. మొదట్లో ఎవరైనా వేళాకోళానికి అన్నారేమో తెలీదు గానీ, నేను కాపురానికి వచ్చేసరికి అది ఖాయమైపోయింది. ఆయన కూడా ఎప్పుడూ కాదనలేదు. ఆయనకి అంత పేరు తెచ్చిపెట్టింది జ్వరం పొట్లం.

జ్వరం పొట్లమంటే అరచేతిలో పట్టే తెల్లకాగితం మడతలో నాలుగు మాత్రలు. జ్వరానికి పెద్ద తెల్లది, జలుబుకి పసుపుపచ్చది, ఒళ్ళునొప్పులకి ఎర్రది, కడుపులో మంట రాకుండా చిన్న తెల్లది. పూటకొకటి చొప్పున రోజుకి మూడు పొట్లాలు. స్ట్రిప్పుల్లోంచి ఊడదీసి కడతారు కాబట్టి మాత్ర పేరుండదు, గడువు తేదీ ఉండదు, లోపల ఏ మందుందో రాసి ఉండదు. "పేర్లు తెలిస్తే రేపు వేరే షాపులో వాళ్ళే అడిగి కొనుక్కుంటారు. ఇక మనమెందుకు?" అనేవారు మామయ్యగారు.

కట్టేది అత్తయ్య. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక చాప మీద నాలుగు స్టీలు గిన్నెలు పెట్టుకుని కూర్చునేది. ఆవిడకి చదువు రాదు, రంగు చూసి తీస్తుంది. వేళ్ళు ఎంత చురుగ్గా ఆడేవంటే టీవీ చూస్తూ, మధ్యమధ్య నన్ను కసురుతూ కూడా గంటలో వంద పొట్లాలు కట్టేసేది. మొదటి ఏడు నేను రెండుసార్లు అభ్యంతరం చెప్పాను. రెండుసార్లూ మామయ్యగారు నవ్వి, "అమ్మాయ్, నువ్వు పుస్తకాలు చదివావు, నేను మనుషుల్ని చదివాను" అన్నారు. వెళ్ళి స్టూలెక్కి కూర్చున్నాను.

ఆ ఏడు వానలతో పాటే జ్వరాలు పట్టుకున్నాయి. తెరిచేసరికే గుమ్మం ముందు గొడుగులు బారులు తీరేవి. రెండో వారంలో ఎర్ర మాత్రలకి కరువొచ్చింది. వ్యాను మీద హోల్‌సేలు కొట్లు తిరిగి సరుకు తేవడం మా ఆయన పని. ఆ రోజు తడిసి ముద్దై వచ్చి, ఒక అట్టపెట్టె కౌంటరు మీద దింపాడు.

"పాత కంపెనీది ఎక్కడా లేదు. ఇది తీసుకెళ్ళమన్నారు. ఇదీ ఎర్రదే, ఒళ్ళునొప్పులకే" అన్నాడు.

ఒక స్ట్రిప్పు తీసి వెనక చిన్న అక్షరాలు చదివాను. పాతదానిలో నొప్పి మందు ఒక్కటే ఉండేది. ఇందులో నొప్పి మందుతో పాటు పారాసిటమాల్ కూడా ఉంది, మూడు వందల ఇరవై అయిదు మిల్లీగ్రాములు. పెద్ద తెల్లది ఎలాగూ పారాసిటమాలే, ఆరు వందల యాభై. పసుపుపచ్చ జలుబు మాత్రలో ఇంకో అయిదు వందలు. పేర్లు మూడు, రంగులు మూడు, లోపల మందు ఒకటే. వేళ్ళ మీద కూడుకున్నాను. పొట్లానికి పద్నాలుగు వందల డెబ్బై అయిదు. మూడు పొట్లాలకి నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు. పెద్దవాళ్ళకైనా రోజుకి నాలుగు వేలు దాటకూడదు. తిండి తినలేని జ్వరం మనిషికి అంత కూడా ఎక్కువే.

"మామయ్యగారూ, ఇది పొట్లంలో వెయ్యకూడదు. పారాసిటమాల్ మూడుసార్లు పడుతోంది. లివరు దెబ్బతింటుంది."

ఆయన తలెత్తకుండానే అన్నారు. "పారాసిటమాలేమైనా విషమా అమ్మాయ్? పసిపిల్లలకి కూడా పోస్తారు."

"కొలిచి పోస్తారు."

"జ్వరం మందు కాస్త ఎక్కువైతే జ్వరం కాస్త ముందే తగ్గుతుంది. బయట అంతమంది నిలబడి ఉంటే ఇప్పుడా పాఠాలు?"

మా ఆయన వంక చూశాను. తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. "నన్ను మధ్యలోకి లాగకండి బాబూ" అని ఆ తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషి తువ్వాలు వెనకే ఉన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, మూసుకున్న మాట నిజం.

చేతులు మాత్రం ఊరుకోలేదు. వచ్చినవాళ్ళకి పొట్లాలు ఇచ్చేది నేనే కదా. కౌంటరు కింద ఒడిలో పెట్టుకుని మడత విప్పి, ఎర్ర మాత్ర తీసేసి, మళ్ళీ మడిచి ఇచ్చేదాన్ని. అది తీసేస్తే మూడు పొట్లాలకి మూడు వేల అయిదు వందల లోపే, హద్దులోనే ఉంటుంది. రెండు రోజుల్లో చేతికి అలవాటైపోయింది. తీసిన మాత్రలు తెల్లకోటు జేబులో వేసుకుని, గడువు దాటిన మందులు కంపెనీకి తిప్పిపంపే పెట్టె అడుగున చేర్చేదాన్ని. కాగితం చప్పుడుకి మామయ్యగారు తల తిప్పినప్పుడల్లా తెల్లకోటు అంచు పొట్లం మీదికి లాక్కునేదాన్ని. నా పేరు మీదున్న షాపులో నేనే దొంగనయ్యాను.

ఒకరోజు ఎదురింటి టైలరమ్మ పొట్లం కౌంటరు మీదే విప్పింది.

"ఇదేంటమ్మా, నాలుగుండాలి. మూడే ఉన్నాయి?"

మామయ్యగారు రెండడుగుల దూరంలో ఎవరి నాలుకో చాపించి చూస్తున్నారు. నేను ముందుకి వంగి గొంతు తగ్గించాను. "మూడు చాలక్కా. రోజుకి మూడు పొట్లాలే, ఏదైనా తిన్నాకే వేసుకోండి. ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలూ జలుబు మందులూ వీటితో కలపకండి."

"మరి ఒళ్ళునొప్పులకి? కుట్టుమిషను తొక్కే ఒళ్ళమ్మా నాది."

"వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోండి. ఈసారి బలమైన సరుకొచ్చింది, అందుకే ఒకటి తగ్గించాం."

బలమైనదనేసరికి టైలరమ్మ మొహం వెలిగింది. పొట్లం రవికలో దోపుకుని, వానలోనే గబగబా వెళ్ళిపోయింది. నాకు చంకల్లో చెమటలు ఆరడానికి పావుగంట పట్టింది.

అత్తయ్యకి ఒక్క మాట చెప్పి ఎర్ర గిన్నె తీయించేస్తే ఇంత అవస్థ ఉండేది కాదు. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా మామయ్యగారి చెవిన పడుతుంది. ఆ తర్వాత ఆయన పొట్లాలు నా చేతికి రానివ్వరు, ఆయనే ఇస్తారు. అప్పుడు ఈ జనం గతేమిటి? ఇలా నాలో నేనే వాదించుకుని, నేనే గెలిచి, అత్తయ్యకి చెప్పడం మానేశాను.

ఇంకో రెండు రోజులకి అత్తయ్యకి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం అన్నానికి వెళితే పొయ్యి పక్కన గోడకి చేరగిలబడి ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూట రెండు. పరిగెత్తి వెళ్ళి పెద్ద తెల్ల మాత్రల స్ట్రిప్పొకటి తెచ్చి చేతిలో పెట్టాను.

"ఇవి మాత్రమే వేసుకోండత్తయ్యా. ఆరు గంటలకొకటి. రోజుకి నాలుగు దాటొద్దు."

"పొట్లం ఉందిగా?"

"పొట్లం వద్దు."

"ఏం? ఎందుకొద్దు?"

తలుపు అవతల మామయ్యగారు దగ్గిన చప్పుడు వినబడింది. చెప్పడానికి నాకు దొరికిన సందు అదొక్కటే. అది పోగొట్టుకున్నాను.

"ఊరికేనే. మీకివి చాల్లెండి" అన్నాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి స్ట్రిప్పు దిండు కింద పెట్టుకుంది. ఈలోగా షాపులోంచి పిలుపొచ్చింది. కంచంలో సగం అన్నం వదిలేసి వెళ్ళిపోయాను.

మర్నాడు ఉదయం చూస్తే అత్తయ్య షాపులో ఉంది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, జనానికి కనబడేలా కుర్చీ వేసుకుని కూర్చుంది. మామయ్యగారు వచ్చినవాళ్ళందరికీ ఆవిడని చూపించారు. "చూశారా? నిన్న నూట రెండు. నా పొట్లానికి ఇవాళ లేచి కూర్చుంది." ఆయన ధోరణి ఎప్పుడూ అంతేగదా, కోతలు కోస్తున్నారనుకున్నాను. నేనిచ్చిన స్ట్రిప్పు పనిచేసిందని లోలోపల మురిసిపోయాను కూడా.

అలా నాలుగు రోజులు కూర్చుంది. రోజురోజుకీ మాట తగ్గిపోయింది. అన్నం సయించడం లేదంది. వారం రోజుల జ్వరాలు కదా, నోరు చేదుగానే ఉంటుందని నచ్చజెప్పాను. వంద మందికి జాగ్రత్తలు చెప్పే హడావిడిలో ఆవిడ పక్కన రెండు నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు.

అయిదో రోజు షట్టరు ఎత్తకముందే వాంతులు మొదలయ్యాయి. మొహం తుడుస్తూ కిటికీ వెలుతుర్లో చూశాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి. దిండు కిందికి చెయ్యి పోనిచ్చాను. స్ట్రిప్పు తగిలింది. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"మరి ఏం వేసుకుంటున్నారత్తయ్యా ఇన్నాళ్ళూ?"

"పొట్లాలే."

"రోజుకెన్ని?"

అయిదు వేళ్ళు చూపించింది.

కౌంటరు దాటిన ప్రతి పొట్లమూ నా చేతి మీదుగానే వెళ్ళింది. ఇంట్లోవి వెళ్ళలేదు. చాప మీంచి నేరుగా ఆవిడ నోట్లోకి పోయాయి. వీధిలో వాళ్ళని కాపాడుతున్నానని విర్రవీగినదాన్ని, ఇంట్లో మనిషి ఆ పొట్లం మింగుతుందేమోనన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు.

ఆస్పత్రికి మా ఆయన వ్యానులోనే తీసుకెళ్ళాం. అట్టపెట్టెల మధ్య పరుపు వేసి పడుకోబెట్టాం. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కళ్ళు మాత్రం నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. అత్తయ్య కళ్ళు, పొట్ట చూసి మా వైపు తిరిగింది.

"ఏం మందులు వాడారు?"

మామయ్యగారు ముందుకొచ్చారు. "ఏవో జ్వరం మాత్రలండీ."

"ఏవో అంటే? పేరేంటి? ఎన్ని?"

"చదువు రాని మనిషండీ. ఎక్కడ తెచ్చుకుందో, ఎన్ని మింగిందో మాకేం తెలుసు?"

స్ట్రెచరు మీద అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. మా ఆయన గచ్చు మీద పలకలు లెక్కపెడుతున్నాడు.

"పారాసిటమాల్ అండీ" అన్నాను. "రోజుకి ఏడు వేల మూడు వందల డెబ్బై అయిదు మిల్లీగ్రాములు. నాలుగు రోజులు. దాంతోపాటు నొప్పి మందు. చివరిసారి నిన్న పడుకునేముందు. తిండి దాదాపు లేదు."

డాక్టరమ్మ అంకెలు రాసుకుని తలెత్తింది. "మీరెవరు?"

"కోడల్ని. ఫార్మసిస్టుని. మా షాపులో కట్టిన పొట్లాలే అవి."

ఆవిడ ఇంకేం అడగకుండా నర్సుని కేకేసి, రక్తం తీయమంది, విరుగుడు సెలైన్లో కలిపి వెంటనే ఎక్కించమంది. అప్పుడు మళ్ళీ నా వైపు తిరిగింది. "ఇలాంటివి ఇంకెంతమందికి ఇచ్చారు?"

"బయటికి వెళ్ళినవాటిలో ఎర్ర మాత్ర లేదండీ. నేనే తీసేశాను."

"అంటే మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

మామయ్యగారు నా వైపు తల తిప్పారు. అత్తయ్య కళ్ళు తెరిచింది. ఈలోగా ఇద్దరు మనుషులు వచ్చి స్ట్రెచరు లోపలికి తోసుకుపోయారు.

మూడు రోజుల వరకూ ఏమీ చెప్పలేమన్నారు. ఆ మూడు రోజులూ నేను, మా ఆయన వరండాలో ఒకే బెంచీ మీద ఆ కొసనొకరం, ఈ కొసనొకరం కూర్చున్నాం. రెండో రోజు మా ఆయన నోరు విప్పాడు.

"అందరి ముందూ నాన్నని అలా నిలబెట్టాలా?"

"ఎన్ని మింగిందో చెప్పకపోతే మీ అమ్మకి ఏం ఎక్కించాలో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"నాన్న కూడా చెప్పేవారేమో, కాస్త ఆగితే."

"మీ నాన్న నోటెమ్మట వచ్చింది మీరూ విన్నారుగా."

ఈసారి తువ్వాలు లేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు జాలేసింది, దానికి రెట్టింపు ఒళ్ళు మండింది.

నాలుగో రోజు రక్తపరీక్షలో అంకెలు దిగడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మ వచ్చి, "ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పను" అని, పోతూపోతూ నా భుజం మీద చెయ్యేసి వెళ్ళింది. ఆ చెయ్యి నన్ను మెచ్చుకున్నట్టు లేదు, తిట్టినట్టూ లేదు. ఎన్నాళ్ళో దాని బరువు భుజం మీద అలాగే ఉంది.

పన్నెండో రోజు అత్తయ్యని ఇంటికి తెచ్చాం. షాపు తెరిచాం. నేను మళ్ళీ స్టూలెక్కాను. చాప చుట్టేసి ఉంది, కట్టే మనిషి మంచం మీద ఉంది. పొట్లాలు మానేద్దామని మామయ్యగారు అనలేదు, మానొద్దనీ అనలేదు. ఎవరైనా అడిగితే "లేవు" అని పేపరు తిరగేసేవారు. నేను మాత్రలు స్ట్రిప్పుతోనే ఇచ్చి, పేరు చూపించి, లోపల ఏముందో, రోజుకెన్నో చెప్పి పంపేదాన్ని. నాకు కావలసినదంతా జరిగింది. అయినా ఆ షాపులో ఊపిరాడేది కాదు. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. కావలసినదేదైనా ఉంటే గోడకి చెప్పినట్టు చెప్పేవారు. అడుగుదూరంలో మనిషిని పెట్టుకుని పదమూడు గంటలు అలా కూర్చోవాలి. లేచి వెళ్ళిపోతే షట్టరు దించాలి, దించితే అత్తయ్య మందుల ఖర్చుకి కూడా కష్టమే. తిట్టినా బాగుండేదనిపించేది.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అత్తయ్యని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి గంజి తాగిస్తున్నాను. కళ్ళలో పచ్చదనం చాలావరకు పోయింది. నాలుగు చెంచాలు తాగి, అయిదోది పడుతుంటే ఆపింది.

"ఆ రోజు డాక్టరమ్మతో అన్నావు చూడు, బయటివాళ్ళకి తీసేశానని. ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావు?"

"ఎర్రవి కొత్తవి వచ్చిన దగ్గర్నుంచీ. తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు ముక్కూమొహం తెలీనివాళ్ళకి తీసిపెట్టావు. నాకొక్కదానికి చెప్పలేకపోయావుటే?"

ఈ ప్రశ్నకే నేను ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఏవేవో జవాబులు తయారుచేసుకున్నాను. అవన్నీ వదిలేసి నిజమే చెప్పాను.

"మామయ్యగారికి చెప్పేస్తారనుకున్నానత్తయ్యా."

"చెప్పేసేదాన్నే" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్విచ్చిన మాత్రలే వేసుకుందామనుకున్నాను. ఆయన చూశారు. నా పెళ్ళామే వేరే మందు మింగుతుంటే నా పొట్లం మీద ఎవడికి నమ్మకం ఉంటుందన్నారు. పొద్దున్నే లేచి షాపులో కూర్చోమన్నారు. మూడు పొట్లాలకి లేవలేకపోయాను. అందుకని అయిదేసి వేసుకున్నాను."

నాలుగు రోజులు ఆ కుర్చీలో ఆవిడ ఎలా కూర్చుందో అప్పుడు అర్థమైంది. నేను పక్కనే ఉండి మురిసిపోతూ చూసింది దాన్ని. ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు.

"ఇద్దరం ఒక్క మనిషికే భయపడ్డాం" అంది. "ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నా సరిపోయేది."

తలుపు అవతల నుంచి కేక వినిపించింది. "అమ్మాయ్! ఎవరో వచ్చారు."

చటుక్కున లేవబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో బలమేమీ లేదు, కావాలంటే విదిలించుకోవచ్చు.

"అమ్మాయ్!" ఈసారి గట్టిగా.

నేను కాపురానికి వచ్చిన మూడేళ్ళలో అత్తయ్య ఆ తలుపు వైపు గొంతెత్తగా వినలేదు. ఇప్పుడు ఎత్తింది. నీరసం మీద రెండుసార్లు ఆగి మరీ అంది.

"రాదు. నాకు గంజి తాగిస్తోంది. వచ్చినవాళ్ళని... కాసేపు ఆగమనండి."

కొంతసేపటికి మామయ్యగారి గొంతు, మాకు కాదు, ఎవరికో చెప్తున్నట్టు, "కూర్చోండమ్మా, వస్తుంది" అని వినిపించింది.

తలుపు వైపే చూస్తూ చెంచా ఎత్తాను, గంజి దుప్పటి మీద ఒలికింది. అత్తయ్య దాన్ని పట్టించుకోలేదు. నోరు తెరుచుకుని ఇంకో చెంచా కోసం చూస్తోంది.